హంతకుడెవరో ముందే తెలిసిన నవలలు: ఈ మూడు నెలల్లో నేను చదివినవి

పాతకాగితం | ఆదివారం, ఉదయం 9:20

అందరికీ నమస్కారం. కంటికి శుక్లం ఆపరేషన్ జరిగాక కొన్ని వారాలు పుస్తకం ముట్టలేదు. డాక్టరు సరే అన్న రోజు నుంచి ఈ మూడు నెలల్లో ఏడు పుస్తకాలు చదివాను. అయిదింటిలో హత్యలున్నాయి, ఒకటి గూఢచారి నవల, ఇంకొకటి ఏ గూటికీ చెందనిది. నన్ను రాత్రి ఒంటిగంట దాకా కూర్చోబెట్టినవి దాదాపు అన్నీ హంతకుడెవరో ముందే చెప్పేసినవే. ఇది నాకే ఆశ్చర్యంగా ఉంది. చిన్నప్పటి నుంచి చివరి పేజీ కోసమే డిటెక్టివ్ నవలలు చదివినవాణ్ణి.

మొదటిది కీగో హిగాషినో రాసిన ‘ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్’. జపాన్‌లో 2005లో వచ్చింది, నవోకి అనే సాహిత్య బహుమతి పొందింది, ఇంగ్లీషులోకి 2011లో వచ్చింది. టోక్యోలో ఒక లెక్కల మాస్టారు. పక్క వాటాలో కూతురితో ఉండే యసుకో అనే ఆవిడ భోజనం పొట్లాలు అమ్మే కొట్లో పని చేస్తుంది. వదిలించుకున్న భర్త మళ్ళీ ఇంటికొచ్చి వేధిస్తే తల్లీకూతుళ్ళు అతన్ని చంపేస్తారు. చలికాలంలో కాళ్ళు వెచ్చబెట్టుకోవడానికి వాడే కొటాట్సు బల్ల కరెంటు తీగే ఆయుధం. ఇదంతా కథ మొదట్లోనే మన కళ్ళ ముందు జరుగుతుంది. మాస్టారు తలుపు తట్టి, నేను చూసుకుంటాను అంటాడు. అక్కడి నుంచి పుస్తకం కింద పెట్టలేకపోయాను. పోలీసులు గుమ్మం దాకా వచ్చిన ప్రతిసారీ నేను హంతకుల పక్షాన నిలబడి భయపడ్డాను.

ఫ్రెడరిక్ ఫోర్సిత్ ‘ది డే ఆఫ్ ది జాకాల్’ ఇంకా విచిత్రం. ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్‌ను చంపడానికి ఒక కిరాయి హంతకుణ్ణి పెట్టుకుంటారు. డిగాల్ 1970లో తన ఇంట్లో సహజంగా పోయాడని చరిత్ర చెబుతుంది. అంటే ప్రయత్నం విఫలమవుతుందని మొదటి పేజీకి ముందే మనకు తెలుసు. ఫోర్సిత్ 1970 మొదట్లో 35 రోజుల్లో ఇది రాసేనాటికి డిగాల్ బతికే ఉన్నాడు. ఫలితం తెలిసిన కథ ఎవరు చదువుతారని కొందరు ప్రచురణకర్తలు తిప్పి పంపారు కూడా. 1971లో అచ్చయింది. దొంగ పాస్‌పోర్టు సంపాదించే భాగం చూడండి: పల్లెటూరి శ్మశానంలో తిరిగి, పసితనంలోనే పోయిన ఒక బిడ్డ సమాధి వెతికి, బతికి ఉంటే ఈనాటికి తన వయసే ఉండే ఆ పేరు మీద జన్మ ధృవపత్రం తీసుకుంటాడు. అది చదువుతున్నప్పుడు నా వేళ్ళు చల్లబడ్డాయి. ఒక గుమాస్తా పని చేసినంత నింపాదిగా చేస్తాడు.

ట్రూమన్ కపోటీ ‘ఇన్ కోల్డ్ బ్లడ్’ నిజంగా జరిగినది. 1959 నవంబరులో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో క్లటర్ అనే రైతు కుటుంబంలో నలుగురిని చంపిన ఇద్దరి కథ. సెయిచో మత్సుమోతో ‘పాయింట్స్ అండ్ లైన్స్’లో అనుమానం ఎవరి మీదో తొందరగానే తెలుస్తుంది, ఎలా చేశాడన్నదే చిక్కు. స్వీడన్ రచయితల జంట షోవాల్, వాలో రాసిన ‘ది లాఫింగ్ పోలీస్‌మన్’ ఒక్కటే పాత పద్ధతిలో దాచిపెట్టింది. స్టాక్‌హోమ్‌లో వాన రాత్రి ఒక డబుల్ డెక్కర్ బస్సులో కాల్పులు, చనిపోయినవారిలో ఒక యువ డిటెక్టివ్, సెలవులో ఉన్నవాడు ఆ బస్సులో ఎందుకున్నాడన్న ప్రశ్న. బాగుంది. కానీ నాకు గుర్తుండిపోయింది హంతకుడు కాదు, జలుబుతో చీదుకుంటూ తిరిగే పోలీసుల అలసట.

ఆరోది జాన్ లె కారే ‘ది స్పై హూ కేమ్ ఇన్ ఫ్రమ్ ది కోల్డ్’, 1963 నాటిది. దాని గురించి ఇంకోసారి. ఏడోది బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’, నాలుగోసారి. నేర కథల తర్వాత చదివితే ఈసారి కొత్తగా కనిపించింది. దయానిధిని జీవితమంతా వెంటాడేది తల్లి మీద లోకం వేసిన మచ్చ. ఆవిడ నిజంగా ఏమి చేసిందో విచారణ జరగదు, సాక్షులు రారు, తీర్పు మాత్రం ముందే వచ్చేసింది.

మీరంతా ఈమధ్య ఏమి చదివారు? హంతకుణ్ణి దాచిన పుస్తకమా, చెప్పేసిన పుస్తకమా, ఏది మిమ్మల్ని పట్టి ఉంచింది?

చినుకు | ఆదివారం, ఉదయం 10:05

నేను ఇక్కడ కొత్త. ఇంతవరకు నేర నవలలు చదవలేదు, సినిమాలు చూశాను. తెలుగు ‘దృశ్యం’లో కూడా ఏమి జరిగిందో మనకు ముందే తెలుసు కదా, అయినా ఊపిరి బిగబట్టి చూశాను. మీరు చెప్పినవాటిలో మొదట ఏది మొదలుపెట్టమంటారు? రోజూ ఆఫీసుకు మెట్రోలో నలభై నిమిషాలు, పోను రాను. ఆ సమయమే నాకు దొరికేది.

సంధ్యాదీపం | ఆదివారం, ఉదయం 11:48

పాతకాగితం గారూ, మీ కళ్ళు కోలుకున్నందుకు చాలా సంతోషం. కానీ మీ మాటతో నేను ఏకీభవించను.

హంతకుణ్ణి దాచడమంటే పాఠకుణ్ణి ఏమార్చడమని చాలామంది అనుకుంటారు. మంచి రచయిత చేతిలో అది పాఠకుడికి ఇచ్చే గౌరవం. ఆధారాలన్నీ నీ ముందే పెడతాను, నువ్వూ ఆలోచించు అంటాడు. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషు రచయిత డిటెక్టివ్ కథకు పది నియమాలు రాశాడు. మతగురువు కూడా ఆయన. డిటెక్టివుకు దొరికిన ఆధారం వెంటనే పాఠకుడికి చూపాలి, తెలియని విషాలు వాడకూడదు, కవలలుంటే ముందే సూచించాలి, ఇలాంటివి. పందెం న్యాయంగా జరగాలన్న పట్టుదల ఆ తరానికి ఉండేది.

ఈ నెలలో నేను అగాథా క్రిస్టీ ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్’ రెండోసారి చదివాను. 1926 నాటి పుస్తకం. మొదటిసారి కాలేజీలో చదివినప్పుడు ముగింపు చూసి కోపం వచ్చింది. ఈసారి పెన్సిలు పట్టుకుని చదివాను. అనుమానం రావలసిన ప్రతి చోటా చిన్న గీత పెట్టుకుంటూ వెళ్ళాను. చివరికి ఇరవై మూడు గీతలు. ఒక్క అబద్ధమూ లేదు! నేను చదివి దాటేసిన వాక్యాలే అవన్నీ. ఆ రోజు నాకు కలిగిన ఆనందం ముందే హంతకుడు తెలిసిన పుస్తకంలో దొరకదు.

ఇంకొక మాట. సస్పెక్ట్ ఎక్స్‌లో హంతకులు తెలుసన్నమాట నిజమే. కానీ ఆ రచయిత దేన్నీ దాచలేదంటారా? అసలు దాచినది అక్కడ కాదు. మొదటి అధ్యాయంలో మాస్టారు నది ఒడ్డున నడుస్తూ చూసే [ఇక్కడ మూడు వాక్యాలు తొలగించడమైనది – నిర్వాహకులు]

నిర్వాహకులు | ఆదివారం, మధ్యాహ్నం 12:10

సంధ్యాదీపం గారూ, క్షమించండి. ఆ మూడు వాక్యాలు చదివితే ఆ నవల ఇంక చదవనక్కరలేదు. చదవనివారు ఈ చర్చలో ఉన్నారు. కథ మొదటి పాతిక పేజీల్లో ఉన్నది రాయవచ్చు. ఆ తర్వాతది రాయాలనుకుంటే ముందు పుస్తకం పేరు చెప్పి హెచ్చరిక పెట్టండి.

సంధ్యాదీపం | ఆదివారం, మధ్యాహ్నం 12:31

మీరు చేసింది సరైన పని. ఉత్సాహంలో రాసేశాను. చినుకు గారూ, మీరు అది చదివి ఉండరని ఆశిస్తున్నాను.

చినుకు | ఆదివారం, మధ్యాహ్నం 12:40

చదవలేదండీ. వంటింట్లో ఉన్నాను.

లైన్‌క్లియర్ | ఆదివారం, రాత్రి 8:15

నేను రైల్వేలో 34 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. అందులో 11 ఏళ్ళు సెక్షన్ కంట్రోలర్‌గా. నవలలు తక్కువే చదువుతాను. ‘పాయింట్స్ అండ్ లైన్స్’ మాత్రం మా అబ్బాయి తెచ్చి ఇచ్చాడు, రైళ్ళ కథ నాన్నా అని. పెంగ్విన్ వాళ్ళు ‘టోక్యో ఎక్స్‌ప్రెస్’ అని పేరు మార్చి వేసిన కొత్త అనువాదం. రెండు రోజుల్లో పూర్తిచేశాను. దీని గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను. (హెచ్చరిక: ఎలా చేశాడన్నది చెప్పను. కాని మొదటి సగంలోని విషయాలు ఉంటాయి.)

జపాను భాషలో దీని పేరు ‘తెన్ తో సెన్’. చుక్కలూ గీతలూ అని అర్థం. ఆ పేరు చూడగానే నాకు కంట్రోలు ఆఫీసులో నా బల్ల గుర్తొచ్చింది. కంప్యూటర్లు రాకముందు బల్ల మీద పెద్ద చార్టు పరిచి ఉండేది. నిలువుగా స్టేషన్ల పేర్లు, అడ్డంగా గంటలు, నిమిషాలు. బండి దాటిందని స్టేషన్ మాస్టరు ఫోనులో చెప్పగానే పెన్సిలుతో ఒక చుక్క. తర్వాతి స్టేషన్ నుంచి ఇంకొక చుక్క. రెండింటినీ కలుపుతూ గీత. అటు వెళ్ళే బండి గీత ఒక వైపు వాలితే ఇటు వచ్చేది రెండో వైపు వాలుతుంది. ఒంటి లైను మీద రెండు గీతలు కలిసేది ఎప్పుడూ ఒక స్టేషన్ పేరు ఎదురుగానే కావాలి. రెండు స్టేషన్ల మధ్య కలిశాయంటే గుండె ఆగిపోతుంది.

ఆ నవలలో పోలీసు చేసే పని అదే. ఫుకువోకా దగ్గర కషీ అనే చోట సముద్రపు ఒడ్డున ఒక ప్రభుత్వ ఉద్యోగి, ఒక హోటల్లో పనిచేసే అమ్మాయి శవాలై దొరుకుతారు. ప్రేమికుల ఆత్మహత్య అనుకుంటారు అందరూ. ఎందుకంటే వాళ్ళిద్దరూ టోక్యోలో కలిసి రైలెక్కడం చూసినవాళ్ళున్నారు. పదమూడో నంబరు ప్లాట్‌ఫారం మీద నిలబడి పదిహేనో నంబరు మీద చూశారు. టోక్యో లాంటి స్టేషన్‌లో మధ్య లైన్లలో ఎప్పుడూ ఏదో ఒక బండి అడ్డంగా ఉంటుంది. సాయంత్రం 5:57 నుంచి 6:01 దాకా, నాలుగే నిమిషాలు, ఏ బండీ లేక ఎదురు ప్లాట్‌ఫారం కనిపిస్తుంది. సరిగ్గా ఆ నాలుగు నిమిషాల్లో చూశారు.

ఇది చదివి నేను పుస్తకం మూసి కొంతసేపు కూర్చున్నాను. విజయవాడలో పనిచేసిన రోజుల్లో ఒకటో నంబరు మీద నిలబడి నాలుగో నంబరు మీద ఎవరున్నారో చూడాలని ఎన్నిసార్లు ప్రయత్నించానో! మధ్యలో ఒక రేకు (బండి పెట్టెల వరుసను మేం అలా అంటాం), అది కదిలిందంటే ఇంకొక రేకు. కనిపించడమే అరుదు. అలాంటిది యాదృచ్ఛికంగా కనిపించిందంటే ఏ రైల్వే మనిషీ నమ్మడు.

దీనికి ముందే ఇంకొక చిన్న వస్తువు ఉంది. చనిపోయిన మగమనిషి జేబులో రైల్లోని భోజనశాల బోగీ (డైనింగ్ కార్) రసీదు. దాని మీద ‘ఒకరికి’ అని ఉంటుంది. తోరిగై అనే అనుభవమున్న డిటెక్టివుకు అది మింగుడు పడదు. కలిసి చావడానికి వెళ్తున్న ఇద్దరిలో ఒకరే భోజనానికి ఎలా వెళ్తారు? ఇంటికి వెళ్ళి కూతుర్ని అడుగుతాడు. ఆకలి లేకపోయినా తోడుగా వెళ్ళి కాఫీ అయినా తాగుతానంటుంది ఆ అమ్మాయి. నేను మా ఆవిణ్ణి అడిగాను. ఆవిడ కూడా అదే మాట అంది, ఇంచుమించు అవే పదాల్లో. కషీ ఎక్కడ, మా ఊరెక్కడ!

చినుకు గారూ, మీరు మెట్రోలో చదువుతానన్నారు. దీనితో మొదలుపెట్టండి. చిన్న పుస్తకం.

పాతకాగితం | ఆదివారం, రాత్రి 9:02

లైన్‌క్లియర్ గారూ, నేను ఆ నాలుగు నిమిషాలను ఒక తెలివైన ఎత్తుగా మాత్రమే చదివాను. మీ చార్టు గురించి తెలిశాక ఆ పేరే మారిపోయింది నాకు. రేపు మళ్ళీ తెరుస్తాను.

సంధ్యాదీపం గారూ, మీరు అన్నది రోజంతా ఆలోచించాను. హిగాషినో కూడా దాచాడు, నిజమే. ‘ఎవరు’ అన్నది చేతికిచ్చి, మనం అడగాలని కూడా తోచని ప్రశ్నను దాచాడు. నేను ముందు రాసినదాన్ని సరిచేసుకుంటున్నాను. అయినా ఒక తేడా ఉంది. క్రిస్టీ నవలలో హంతకుడు దొరికాక నాకు ఊరట కలుగుతుంది. హిగాషినో ముగింపులో నిజం బయటపడ్డాక ఊరట లేదు. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఆ మాస్టారి కోసం ఏడ్చాను.

మందులచీటీ | సోమవారం, ఉదయం 7:30

ఆసుపత్రి మందుల విభాగంలో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్నాను. క్రిస్టీ పేరు వచ్చింది కనుక చెబుతున్నాను. ఆవిడ మా వృత్తి మనిషి. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో టార్కీ పట్టణంలోని ఆసుపత్రిలో మొదట నర్సుగా, తర్వాత మందులు కలిపి ఇచ్చే పనిలో ఉన్నారు. దానికి పరీక్ష కూడా రాసి నెగ్గారు. విషాల సీసాల మధ్య కూర్చున్నప్పుడే మొదటి నవల ఆలోచన వచ్చింది. అది అచ్చయ్యాక మందుల వృత్తి పత్రిక ఒకటి, విషాన్ని సరిగ్గా వాడారని మెచ్చుకుంది. ఆ మెప్పు ఆవిడకు చాలా ఇష్టమట. నాకు అర్థమవుతుంది. మాలో ఒకరు మెచ్చుకోవడం వేరు.

(హెచ్చరిక: ‘ది పేల్ హార్స్’ చదవనివారు మిగతాది వదిలేయండి.)

1961 నాటి ఈ నవలలో వాడిన విషం థాలియం. రంగు, రుచి, వాసన లేనిది. లక్షణాలు ఒక్కో మనిషిలో ఒక్కో జబ్బులా కనిపిస్తాయి. అందరిలో కనిపించేది ఒక్కటే, జుట్టు రాలడం. 1977లో లండన్‌లోని ఒక ఆసుపత్రికి ఖతార్ నుంచి పసిపిల్లను తెచ్చారు. జబ్బేమిటో వైద్యులకు అంతుపట్టలేదు. అప్పుడు ఈ నవల చదువుతున్న ఒక నర్సు, ఈ పాప లక్షణాలు పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయి, జుట్టు కూడా రాలుతోంది అని చెప్పింది. పరీక్షిస్తే థాలియమే. పురుగులను, ఎలుకలను చంపడానికి ఇంట్లో వాడిన మందు నుంచి వచ్చింది. పాప బతికింది.

కొత్తగా చేరిన పిల్లలకు నేను ఈ సంగతి చెబుతుంటాను. విష లక్షణాల పట్టిక బట్టీ పడితే మరిచిపోతారు. కథలో వస్తే పదేళ్ళ తర్వాత మంచం పక్కన నిలబడినప్పుడు గుర్తొస్తుంది. సంధ్యాదీపం గారి పక్షాన నా ఓటు. ఆధారాలు కచ్చితంగా రాసినందువల్లే ఆ పుస్తకం పనికొచ్చింది.

నల్లకోటు | సోమవారం, రాత్రి 10:20

కోర్టు నుంచి వచ్చి అన్నీ చదివాను. రోజంతా నేరాల మధ్య ఉంటాను కనుక ఇంటికొచ్చి నేర నవలలు చదవనని చాలామంది అనుకుంటారు. చదువుతాను. కాని ఒక్క చోట నాకు ఎప్పుడూ కాలు తడబడుతుంది: చివర్లో హంతకుడు నేరం ఒప్పుకోవడం.

మన చట్టంలో పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలు నిందితుడి మీద రుజువుగా చెల్లదు. పాత సాక్ష్య చట్టంలో 25వ సెక్షను, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 23వ సెక్షను. అతను చెప్పిన మాట వల్ల ఒక వస్తువు దొరికితే, ఆ వస్తువుకు సంబంధించినంత మేరకే ఆ మాటను తీసుకుంటారు. అంటే దొరికిన కత్తికి విలువ ఉంది, కన్నీళ్ళతో చెప్పిన కథకు లేదు. ప్రైవేటు డిటెక్టివుకు చెప్పినది పోలీసుకు చెప్పినట్టు కాదు గాని, దాన్ని బలపరిచే సాక్ష్యం లేకపోతే ఏ న్యాయమూర్తీ దాని మీద మాత్రమే శిక్ష వేయడానికి ఇష్టపడడు. మా తెలుగు డిటెక్టివ్ నవలల్లో గదిలో అందరినీ కూర్చోబెట్టి, హంతకుడు తలవంచుకుని అవును నేనే అన్నాక కథ ముగుస్తుంది. నా కథ అక్కడ మొదలవుతుంది.

అందుకే నాకు నచ్చిన నేర రచయిత పేరు చెబితే మీరు ఆశ్చర్యపోతారేమో. రాచకొండ విశ్వనాథశాస్త్రి. రావిశాస్త్రి గారు విశాఖపట్నంలో వకీలు. ‘ఆరు సారా కథలు’ మద్యనిషేధం రోజుల నాటివి. అందులో ‘మాయ’ కథ తీసుకోండి. సారా కేసులో పట్టుబడిన ముత్యాలమ్మ కొత్తగా కోర్టుకొచ్చిన కుర్ర లాయరు ముందు నిలబడి మాట్లాడుతుంది. నేరం ఎవరు చేశారన్న ప్రశ్నే అక్కడ లేదు. పట్టుకున్నవాడు, సాక్ష్యం చెప్పేవాడు, వాదించేవాడు, వీళ్ళందరి బతుకులూ ఆవిడ సారా కుండ చుట్టూ ఎలా తిరుగుతున్నాయో ఆవిడ యాసలోనే విప్పుతుంది. నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన ఏడాది ఒక మధ్యాహ్నం బార్ అసోసియేషన్ గదిలో ఆ కథ చదివాను. బయట వరండాలో ఆరోజు నా క్లయింటు, అలాంటి కేసులోనే వచ్చిన ఒక ముసలమ్మ, చెప్పులు పక్కన పెట్టి నేల మీద కూర్చుని ఉంది. నేను లేచి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. అప్పటిదాకా ఫైలులో ఉన్న కాగితాలే చదివాను గాని ఆవిణ్ణి ఏమీ అడగలేదు.

యండమూరి ‘అభిలాష’ కూడా ఈ చర్చలో ఉండాలి. ఉరిశిక్ష రద్దు కావాలన్న పంతంతో ఒక యువ లాయరు తన మెడకే తాడు తెచ్చుకునే కథ. 1983లో సినిమాగా వచ్చి ఇంటింటికీ తెలిసింది. చట్టం తెలిసినవాడిగా నాకు దానిలో కొన్ని అభ్యంతరాలున్నాయి. అయినా ఉరిశిక్ష మీద తెలుగు ఇళ్ళలో భోజనాల దగ్గర మాట్లాడుకునేలా చేసింది ఆ నవల. మా ఇంట్లో మా నాన్న, బాబాయి ఒక రాత్రి దాని మీద పడ్డ వాదం ఇంకా నా చెవుల్లో ఉంది.

అద్దెపుస్తకం | మంగళవారం, ఉదయం 6:50

నల్లకోటు గారు తెలుగు డిటెక్టివ్ నవలల మాటెత్తారు కనుక నా వంతు.

మా ఊళ్ళో బస్టాండు పక్క సందులో అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. రోజుకు పావలా. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు అక్కడే పరిచయం. తర్వాత మధుబాబు గారి షాడో. అన్నయ్య పేరు మీద ఖాతా, చదివేది నేను. ఆడపిల్లకు డిటెక్టివ్ నవలలేమిటి అని కొట్టాయన ఒకసారి అన్నాడు గాని ఇవ్వడం మాత్రం మానలేదు.

ఒకసారి తెచ్చుకున్న పుస్తకంలో చివరి రెండు కాగితాలు లేవు. పేరు చెప్పను, ముగింపు చెప్పబోతున్నాను కనుక. యుగంధర్ అందరినీ హాల్లోకి పిలిచాడు, సిగరెట్టు వెలిగించాడు, ‘హంతకుడు ఈ గదిలోనే’ అన్నంతవరకే ఉంది. మిగతా కాగితం చింపిన అంచు దారానికి వేలాడుతోంది. కొట్లో ఇంకో ప్రతి లేదు. అప్పటికి నాకు పదమూడేళ్ళు. నెల రోజులు నిద్ర పట్టలేదంటే నమ్మండి. ఆ అయిదుగురిలో ఒక్కొక్కరినీ హంతకుణ్ణి చేస్తూ నోటుపుస్తకంలో అయిదు ముగింపులు రాశాను. ఇంటి మేనేజరు చంపాడన్నది నాకు బాగా నచ్చిన ముగింపు. తన కూతురి చదువుకు ఇచ్చిన అప్పు గురించి యజమాని అతన్ని నలుగురిలో అవమానించాడని నేనే ఒక కారణం కూడా కల్పించాను.

ఇరవై ఆరేళ్ళ తర్వాత హైదరాబాదు అబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద అదే పుస్తకం దొరికింది. అక్కడే నిలబడి చివరి రెండు కాగితాలు చదివాను. హంతకుడు డాక్టరు. నేను రాసిన అయిదింటిలో అది మూడోది. పుస్తకం కొని ఇంటికి తెచ్చుకున్నాను గాని, నాకు ఆ కథ ఇప్పటికీ మేనేజరుదే. పాతకాగితం గారి ప్రశ్నకు ఇది జవాబవునో కాదో తెలియదు. దాచిపెట్టిన హంతకుడు నా చేత మొదటిసారి కలం పట్టించాడు. ముందే చెప్పి ఉంటే ఆ నోటుపుస్తకం ఉండేది కాదు.

సంధ్యాదీపం | మంగళవారం, ఉదయం 8:14

అద్దెపుస్తకం గారూ, ఆ నోటుపుస్తకం ఇంకా ఉందా? ఉంటే ఆ అయిదు ముగింపులూ ఇక్కడ రాయండి, మేమంతా చదువుతాం.

అద్దెపుస్తకం | మంగళవారం, ఉదయం 8:40

ఉంది. మా అమ్మ దాచింది. ఈ వారం చివర మొదటిది టైపు చేస్తాను.

మందులచీటీ | మంగళవారం, మధ్యాహ్నం 2:05

పాతకాగితం గారిని ఒకటి అడగాలి. ‘ఇన్ కోల్డ్ బ్లడ్’ నిజంగా జరిగినదని రాశారు. అందులో చివరి దృశ్యం, శ్మశానంలో డిటెక్టివు చనిపోయిన అమ్మాయి స్నేహితురాలిని కలవడం, అసలు జరగలేదని, కపోటీ కల్పించాడని చదివాను. అది తెలిశాక ఆ పుస్తకం మీద నాకు నమ్మకం సడలింది. మా పనిలో ఒక్క అంకె కల్పించినా మిగతా పట్టికంతా చెల్లదు.

పాతకాగితం | మంగళవారం, సాయంత్రం 6:30

మీరన్నది నిజం. ఆ దృశ్యం కల్పితమే. నేనూ చదివాక తెలుసుకుని బాధపడ్డాను. ఇద్దరు హంతకులనూ 1965 ఏప్రిల్‌లో ఉరి తీశారు, పుస్తకం మరుసటి ఏడాది వచ్చింది. ఉరికంబం దగ్గర ముగించడం కపోటీకి భారమనిపించి ఉంటుంది, చల్లని గాలి వీచే గోధుమ చేలతో ముగించాడు. నవలలో అయితే తప్పు పట్టను. ప్రతి మాటా నిజమని చెప్పుకున్న పుస్తకంలో, చనిపోయిన నలుగురి పేర్లు అసలు పేర్లే అయిన పుస్తకంలో, అది ఆ కుటుంబానికి చేసిన అన్యాయం. మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయినా క్లటర్ ఇంటి చివరి రోజు గురించి రాసిన మొదటి భాగం, ఆ ఇంటి అమ్మాయి ఇరుగుపొరుగు పిల్లకు చెర్రీ పై చేయడం నేర్పే చోటు, నా మనసులోంచి పోదు. రాత్రికి వాళ్ళు ఉండరని మనకు తెలుసు. ఆ అమ్మాయికి తెలియదు.

చినుకు | శుక్రవారం, రాత్రి 9:25

లైన్‌క్లియర్ గారు చెప్పిన పుస్తకం బుధవారం దొరికింది. మెట్రోలో మొదలుపెట్టాను. నిన్న రసీదు దగ్గరకు వచ్చాను. మీరు ముందే చెప్పారు గనుక ఏమవుతుందో తెలుసు. అయినా ఆ డిటెక్టివు ఆ కాగితం ముక్కను వెలుతురులో పెట్టి చూస్తుంటే నేను దిగవలసిన స్టేషను దాటిపోయింది.

ఇంటికొచ్చి అమ్మకు ఆ రసీదు సంగతి చెప్పాను. అమ్మ తెలుగు మాత్రమే చదువుతుంది. నాన్నగారు పోయి రెండేళ్ళు. అమ్మ కాసేపు ఊరుకుని, మీ నాన్న ఎప్పుడు రైల్లో టీ తాగినా రెండు కప్పులు తీసుకునేవారు, నేను వద్దన్నా అంది. ఈ కథ నాకు చదివి వినిపించు అని అడిగింది. ఈ రాత్రి నుంచి రోజుకో అధ్యాయం తెలుగులో చెబుతున్నాను. పేర్లు పలకడం కష్టంగా ఉందని తోరిగైని ‘పెద్దాయన’ అంటోంది.

మాకు ఇంకా చాలా పుస్తకం మిగిలి ఉంది. దయచేసి ఆ నాలుగు నిమిషాల గుట్టు ఎవరూ ఇక్కడ రాయకండి. అమ్మ మీ పోస్టులన్నీ నా ఫోనులో చదువుతోంది.